పట్టికలో లేని పువ్వు

మా మేనత్త పోయిందన్న కబురు కిందటి నెల ఖానాపూర్ నుంచి వచ్చే బస్సు డ్రైవర్ తెచ్చాడు. నేను నిర్మల్ బడిలో పాఠం చెబుతున్నాను. కిటికీ దగ్గర నిలబడి, "సారూ, లడ్డూల అవ్వ పొద్దుగాల పోయింది" అన్నాడు. ఆమె లడ్డూలు మానేసి ఏళ్లయింది. అయినా ఊరికి ఆమె లడ్డూల అవ్వే.

చిన్న వయసులోనే భర్త పోతే, పెళ్లిళ్లకు లడ్డూలు చేసి బతికింది మా అత్త. మోదుగుపూలు ఏరి తెచ్చి, నీడకు ఎండబెట్టి, కుండలో దాచేది. పనున్న రోజు వాటిని ఉడికించి చిటికెడు సున్నపుతేట వేస్తే నీళ్లు నారింజ రంగుకు తిరిగేవి. ఆ నీళ్లతోనే శనగపిండి కలిపేది. పసుపు వేయొచ్చు కదా అంటే, "పసుపేస్తే కూర వాసనొస్తది బిడ్డా" అనేది. కలిపేముందు ఒక గుక్క తను తాగేది. "పదిమందికి పెట్టేది ముందుగాల మన కడుపుల పడాలె" అన్నది ఆమె మాట.

ఆ రోజుల్లోనే తినే వస్తువుల కల్తీ మీద కొత్త చట్టం వచ్చింది. ఒక పెళ్లికి ముందురోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు.

"ఏం రంగు కలిపినవమ్మా?"

"మోదుగుపూలు సారూ."

"మా పట్టికల పసుపున్నది, కుంకుమపువ్వున్నది, జాఫరా గింజలున్నయి. మోదుగు లేదు."

రంగు కోసం వాడే ఆ జాఫరా గింజలను అత్త ఎన్నడూ చూడలేదు. "పువ్వే గద సారూ, విషమా?" అన్నది.

"ఉమ్మెత్త గూడ పువ్వే గదమ్మా."

"ఇన్నేండ్ల సంది తాగుతున్న. నాకేం కాలే."

"నీకు కాలే. పసిపిల్లలకు ఏమైతదో ఎవరు చూసిండ్రు?"

 ఆయన కొన్ని లడ్డూలు సీసాల్లో పెట్టి సీలు వేసుకున్నాడు. మిగిలినవి ఎవరూ తినొద్దన్నాడు. పెళ్లివాళ్లు గంపలకు గంపలు గోతిలో పోసి మట్టి కప్పారు. సాయంత్రానికల్లా ఊళ్లో విషం అన్న మాట పాకింది.

అత్త మీద కేసయింది. పసుపే వేశానని కోర్టులో అబద్ధమాడమని వకీలు చెప్పినా వినలేదు. "మోదుగుపూలే ఏసిన" అన్నది. ఆ రోజు పని ముగిసి కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష వేశారు. పొద్దుగూకే వరకు గోడ పక్కన నేల మీద కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను. ఇంటికి వచ్చే తోవలో ఒక్క మాటే అడిగింది. "పూలను పరీక్ష చేయమని మనమే అడిగితే చేస్తరారా?"

దరఖాస్తు నేనే రాశాను. ఎండు పూల పొట్లం పట్టుకుని ఇచ్చోడ మీదుగా ఆదిలాబాద్ ఆఫీసుకు వెళ్లాను. పట్టికలో ఉన్నదో లేదో చూడడమే తమ పని అని, లేనిదాన్ని పరీక్షించి చేర్చడం పైవాళ్ల పని అని చెప్పారు. పైవాళ్లకు మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు.

లడ్డూల పని పోయినందుకు ఆమె కుంగిపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఒకరోజు బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అన్నది: "నా బిడ్డకు గూడ నేనే పెట్టిన గదరా."

ఆమెకు ఒక్కతే కూతురు. నాలుగేళ్లకే పోయింది. జ్వరంతో పోయిందని వైద్యుడు చెప్పాడు, ఊరంతా చూసింది.

"జ్వరమే గదత్తా" అన్నాను.

"జ్వరమే అంటరు. ఆ పూలు మంచియో కావో ఎవలకెరుక?"

ఆ తర్వాత రోజూ ఇదే. ఏ ఇంట్లో ఏ పిల్ల ఏ పెళ్లి తర్వాత మంచం పట్టిందో గుర్తు చేసుకునేది. నేను పంతులునై ఉండి కూడా, పూలు మంచివేనని ఆమెకు ఒట్టేసి చెప్పలేకపోయాను. నాకూ తెలియదు. ఇప్పటికీ తెలియదు. చివరి రోజుల్లో నన్ను చూడగానే, "కాయిదం వచ్చిందా?" అనేది. రాలేదని చెప్పడానికి సిగ్గుపడి, వెళ్లడమే తగ్గించాను. ఆ తప్పు నాదే.

మొన్న ఆమె దినవారానికి బంధువులు బజారు నుంచి లడ్డూలు తెప్పించారు. కళ్లు చెదిరే పసుపు రంగు. అందులో ఏ రంగు కలిపారో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. విస్తళ్లు ఎత్తేశాక, అరుగు మీద పిల్లలు వరుసగా కూర్చుని, ఎవరిది ఎక్కువ పచ్చగా ఉందో చూడమని ఒకరికొకరు నాలుకలు చూపించుకుంటున్నారు.