లక్ష్య శిబిరంలో ఖాళీ కుర్చీ

2010 మొదట్లో నేను జగిత్యాల ప్రాంతంలో జూనియర్ ఉపాధి అధికారిగా ఉన్నాను. పేరు చూసి మేము ఉపాధి కల్పిస్తామని జనం అనుకునేవారు. నిజానికి మా పని నిరుద్యోగుల పేర్లు నమోదు చేసి, కార్డులు రెన్యువల్ చేసి, ఆ వరుస చెదరకుండా కాపాడటం. ఉద్యోగాలు ఇచ్చేవి వేరే శాఖలు. ఇవ్వనివి కూడా అవే.

అప్పటికి తెలంగాణ ఉద్యమం రోడ్ల మీద ఉంది. పేపర్ తెరవాలంటే భయమేసేది. చదువుకున్న పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు. దానికి పైవాళ్లు ఒక మందు కనిపెట్టారు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో యువతకు జీవిత లక్ష్య నిర్దేశ శిబిరాలు. హైదరాబాద్ నుంచి వ్యక్తిత్వ వికాస నిపుణుడొకాయన వచ్చి మాట్లాడతాడు. నేను కుర్చీలు నింపి ఫొటో పంపాలి. ముందు వరుస నిండుగా కనిపిస్తే శిబిరం సఫలమైనట్టే.

జగిత్యాల హాల్లో బ్యానర్ కట్టాం, టీ పెట్టించాం. ఒక్కరూ రాలేదు. వస్తారనుకున్న కుర్రాళ్లు రోడ్డుకు అవతల రిలే నిరాహార దీక్ష డేరాలో ఉన్నారు. రిలే దీక్షంటే రోజుకొక జట్టు వంతులవారీగా పస్తుండటం. డేరా చూసుకునే మల్లేశం అనే టీచర్‌ను పోయి బతిమాలాను. ఆయనకూ ఆ రోజు జనం పలచగానే ఉన్నారట.

"గీ ముచ్చటకు గింత బతిమాలుడెందుకు సార్? మీ కుర్చీలు గిటే తెండ్రి" అన్నాడు.

అలా శిబిరం డేరాలోకి మారింది. అవే ముఖాలు ఆయన లెక్కలో దీక్షాపరులు, నా లెక్కలో శిక్షణార్థులు. పస్తున్న ఆ పిల్లలకు నిపుణుడు విజయం రుచి ఎలా ఉంటుందో వివరించాడు.

వెనక వరుసలో రాజేశం అనే కుర్రాడు కూర్చున్నాడు. డిగ్రీ పాసై, మా దగ్గర పేరు నమోదు చేయించుకున్నవాడు. పక్కనే తల్లి లచ్చవ్వ. కోరుట్ల దారిలో ఒక ఊళ్లో బీడీలు చేసే మనిషి. కొడుకును ఒంటరిగా వదలడానికి భయపడి వెంట తిరుగుతోంది. నిపుణుడు సరిగ్గా అతణ్ణే లేపి, పదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావని అడిగాడు.

"పదేండ్లా? నాకు రేపటి ముచ్చటే కానస్తలేదు సార్."

నిపుణుడు మంచి జవాబని చప్పట్లు కొట్టించాడు. ఆయనకు ఏ జవాబైనా మంచిదే. నాకు మాత్రం పేపర్లో రోజూ చదివే ఆ పిల్లలు గుర్తొచ్చారు.

శిబిరం ముగిశాక లచ్చవ్వ నా దగ్గరికొచ్చింది. "సారూ, నా కొడుకు తింటలేడు, పంటలేడు, ఎవ్వలతోని మాట్లాడ్తలేడు. మీ ఎంబడి తిప్పుకోండ్రి, మీ కాల్మొక్కుత" అంది. నాకూ ఒక కుర్చీ నిండుతుంది కదా, సరేనన్నాను.

మర్నాడు నిపుణుడు, నేను, రాజేశం జీపులో కోరుట్ల బయల్దేరాం. వాళ్ల ఊరి దగ్గరే రోడ్డుకు అడ్డంగా ఆ వారమంతా వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని రాకపోకలు ఆపే నిరసన అది. ఆగిన బండివాళ్లు కూడా పనిలో చెయ్యి వేయాలి, ఆ తర్వాతే తినాలి. అది అక్కడి కట్టుబాటు. నిపుణుడికి ఉల్లిగడ్డలిచ్చారు. నేను అధికారినని గౌరవించి నీళ్లు మోయమన్నారు. రాజేశానికి అన్నం గుండిగ అప్పగించారు. అతను ఎప్పటిలాగే ఎటో చూస్తూ నిలబడ్డాడు. అన్నం మాడింది. పొయ్యిల పెత్తనం చేస్తున్న పోశవ్వ అనే ముసలామె గరిటె పట్టుకుని లేచింది.

"ఏం పోరనివిరా నువ్వు! ఊరందరికి మాడు తినవెడ్తివి. రేపు గిట్లనే జేస్తే గుండిగంత నీతోనే తినిపిస్త!"

ఇలాంటి మాటలు యువత ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీస్తాయని నిపుణుడు కళ్లు తుడుచుకుంటూ చెప్పబోయాడు. ఆమె ఆయన ముందు ఇంకో గంప ఉల్లిగడ్డలు గుమ్మరించింది. రాజేశం మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

"రేపు ఎన్నింటికి రావాలె?" అన్నాడు.

"కోడి కూయంగనే రా. పొయ్యి ముట్టియ్యాలె."

మర్నాడు సిరిసిల్లకు రమ్మని చెప్పి రాజేశాన్ని వాళ్ల ఊళ్లోనే వదిలి, మేమిద్దరం కోరుట్ల చేరేసరికి పొద్దు గూకింది. ఖాళీ హాల్లో బ్యానర్‌కు ఫొటో తీసుకుని తిరిగొచ్చాం.

మూడోనాటి సిరిసిల్ల శిబిరం కిక్కిరిసింది. ఆ రోజు ఆ ఊళ్లో బంద్. మరమగ్గాలు ఆగడంతో కార్మికులకు కూర్చోవడానికి మా హాలు చల్లగా దొరికింది. రాజేశం కోసం నేను ఆపిన కుర్చీ ఒక్కటే ఖాళీ. పొయ్యి దగ్గరికే పోయాడో, ఇంకేమైనా చేసుకున్నాడో తెలియక, నిపుణుడు అందరినీ నవ్విస్తుంటే నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. తిరుగు దారిలో జగిత్యాలలో దిగకుండా నేరుగా వాళ్లింటికి పోయాను. లచ్చవ్వ వాకిట్లో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. నా ముఖం చూసి ఆమే ముందు చెప్పింది.

"పొద్దుగాల్నే పొయ్యికాడికి వోయిండు సారూ. ఇయ్యాల అన్నం మెత్తగైందట, పోశవ్వ మళ్ల తిట్టిందట. తిన్నడు సారూ, నా కొడుకు కడుపునిండ తిన్నడు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నివేదికలో, శిబిరాల వల్ల లక్ష్యం పొందినవారు ఒకరు అని రాశాను. పై నుంచి మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. మూడో శిబిరానికి హాజరే కాని వ్యక్తి లక్ష్యం ఎలా పొందాడని అడిగారు. పొరపాటైందని ఒప్పుకుని ఒకటిని సున్నా చేశాను. సిరిసిల్ల ఫొటో బాగుందని మాత్రం మెచ్చుకున్నారు.

ఆ ఉదంతం వల్ల నాకు తెలిసిందింతే. దారి తోచని కుర్రవాణ్ణి పదేళ్ల తర్వాత ఏమవుతావని అడగడం దండగ. రేపు పొద్దున అతను రాకపోతే ఎవరిదో ఒక పని ఆగాలి, వచ్చి చెడగొడితే తిట్టే మనిషి ఉండాలి. నేను రిటైరయ్యేదాకా ఆ ఖర్చుకు మా శాఖలో పద్దు లేదు.