తిరిగివ్వని చెక్కగిన్నె

హెలికాప్టర్ మమ్మల్ని బడి మైదానంలో దింపేసరికి వర్షం అడ్డంగా కొడుతోంది. ఫిజీలో ఒక చిన్న దీవి. కొండవాలంతా మెట్లు మెట్లుగా ఇళ్ళు. తుఫానుకి సగం ఇళ్ళ పైకప్పులు ఎగిరిపోయాయి. అడుగున సముద్రం. సాయానికి వెళ్ళిన మన ఆర్మీవాళ్ళం నలుగురం: డాక్టరు మేజరు, ఆర్మీ నర్సుని నేను, రేడియో చూసే శ్రీకాకుళం హవల్దారు, వంటకి ఒక నాయక్. రెండు గుడారాలు, మందుల పెట్టెలు, పది రోజుల రేషను. ఆర్డరు చిన్నది. గాయాలు చూడాలి, ఊరివాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదు.

బుజ్జులూ, మొన్న వీడియో కాల్‌లో మా టీవీ పక్కన చెక్కగిన్నె చూసి ఎవరిదమ్మమ్మా అన్నారు కదా. అది ఆ కొండమీదిది.

మొదట వచ్చిన పేషెంటు బూబూ. వాళ్ళ భాషలో బూబూ అంటే అమ్మమ్మ. ఊరంతా అలాగే పిలిచేది, మేమూ అలాగే పిలిచాం. షుగరు మనిషి, పాదం మీద మానని పుండు. కట్టు కట్టి పంపాను. మర్నాడు పొద్దున కొబ్బరిపాలలో ఉడికించిన చేమదుంపలు ఒక చెక్కగిన్నెలో పంపింది. ఆర్డరు నాకు గుర్తుంది. మేజరుకీ గుర్తుంది. ఆయనే ముందు తిన్నాడు.

గిన్నె కడిగాను. పక్కింటి గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదని మా అమ్మ నేర్పింది. నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు పెట్టి పంపాను. సాయంత్రం గిన్నె చేపలతో వచ్చింది. ఉప్మా చేయించి పంపాను. మర్నాడు గిన్నె వచ్చింది, దాని వెనక ఒక తాడు, తాడు చివర ఒక పంది.

స్టోర్సులో ఏముందో చెప్పమని రేడియోలో బేస్ అడిగింది. హవల్దారు నావైపు చూశాడు.

"ఏటి చెప్పమంటారు మేడమ్?"

ఉన్నదే చెప్పమన్నాను.

"పంది ఒకటి. ప్రాణంతో ఉంది. ఓవర్."

బేస్ మళ్ళీ చెప్పమంది. ఈలోగా ఆ పంది విరేచనాలకి నీళ్ళలో కలిపిచ్చే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు నమిలేస్తోందని నాయక్ పరుగెత్తుకొచ్చాడు.

పందిని వెనక్కి పంపితే అవమానం. బదులుగా నా దుప్పటి, నాయక్ దాచుకున్న టీ పొడిలో సగం పంపాను. నాయక్ ఆ పూట నాకు టీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం కట్టు విప్పితే పుండు అంచు నల్లబడింది. పొద్దున్నే పడవ వస్తుంది, అందులో పెద్దాసుపత్రికి వెళ్ళకపోతే పాదం తీసేయాలి అన్నాడు మేజరు. బూబూ వెళ్ళనంది. బడి పంతులు మాకు దుబాసీ. ఆయన కారణం అడిగి చెప్పాడు. అతిథి పెట్టిందానికి బదులివ్వకుండా కొండ దిగితే ఇంటి పరువు పోతుందట. దుప్పటికి సరిపడేది ఇంకా దొరకలేదట.

"సిస్టర్, మీ ఉప్మా ఆవిడ కాలు తీసేట్టుంది," అన్నాడు మేజరు.

పొద్దున పడవ వచ్చేవేళకి బూబూ గిన్నె పంపింది. అడుగున తుఫానుకి మిగిలిన ఒకే ఒక్క బొప్పాయి. నా చేయి అప్పుడే గ్లూకోజు డబ్బా మీదికి వెళ్ళింది. పంతులు నా మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మా, మళ్ళీ పంపకండి. మళ్ళీ మొదలుపెడుతుంది. గిన్నె మీరే ఉంచేసుకోండి. ఆవిడ గెలిచినట్టు."

ఒకళ్ళ గిన్నె ఉంచేసుకోవడమా? అయినా ఉంచుకున్నాను. స్ట్రెచర్ దగ్గరికెళ్ళి గిన్నె చూపించి, గుండెకి ఆనించుకున్నాను. బూబూ తనే ఎక్కి పడుకుంది.

మేం బయల్దేరే ముందు రేడియోలో కబురొచ్చింది. పాదం దక్కింది. పంది బడికి మిగిలింది.

ఇప్పుడు ఈ ఎడారి దేశంలో, అల్ ఘర్రాఫాలో మీ పిన్ని ఇంట్లో ఉంటున్నాను. కనుచూపు మేర కొండన్నదే లేదు. పక్కింటి నిజామాబాద్ ఆవిడ హలీమ్ పంపుతుంది, నేను పులిహోర పంపుతాను. "అమ్మా, మీరూ ఆపరు, నేనూ ఆప," అని ఆవిడ నవ్వుతుంది. ఇంట్లో గిన్నెలన్నీ తిరుగుతూనే ఉంటాయి. ఆ ఒక్కటే కదలదు.

దాన్ని తుడిచినప్పుడల్లా ఆ కొండవాలే కనిపిస్తుంది. వర్షంలో జారుతూ ఊరివాళ్ళు నలుగురు స్ట్రెచర్ మోసుకుపోతున్నారు. బూబూ తల వెనక్కి తిప్పి, నా చేతిలో గిన్నెని చూస్తూ, పళ్ళు లేని నోటితో మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది.