కొక్కేల పైన మొహాలు

రంగులత్త చెయ్యి పడని షాపు బోర్డు ఆ వీధిలో లేదు. నిచ్చెనెక్కి, మనిషంత మొహాలకు జానెడు మీసాలు తిప్పిన చెయ్యి అది. అలాంటావిడను కోడలు చంటిపిల్లల మొహాలు గీయమంటే, "ఓస్, ఇంతేనా!" అంది. అక్కడే బోల్తా పడింది.

కోడలు నడిపే ప్లేస్కూల్లో అక్షరం ముక్క వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఏ కొక్కెం ఎవరిదో తెలియక పొద్దున్నే సంచుల కోసం కొట్లాటలు, ఏడుపులు. ఒక్కో కొక్కెం పైన ఒక్కో పిల్లవాడి బొమ్మ ఉంటే గొడవ వదులుతుందని ఆమె ఆలోచన.

"సోమవారం పిల్లలు గుర్తుపడితే సరే అత్తయ్యా. లేదంటే పళ్ళ స్టిక్కర్లు అంటించేస్తాను. మీరు శ్రమపడకండి."

ఆ చివరి మాట అత్తకు ములుకులా గుచ్చుకుంది. బోర్డుల పని మాని నిచ్చెన దిగినప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆ మాట అనేవాళ్ళే. ఈ పని చెడితే ఇక కుంచె ముట్టనివ్వరు.

బోర్డు మీది మొహం దూరానికి కనపడాలంటే నల్ల అంచు కొట్టాల్సిందే. అలవాటు కొద్దీ పిల్లల కళ్ళకూ ముక్కులకూ పెదవులకూ అదే కొట్టేసింది. ఒక్కో గీతకూ పదేళ్ళ వయసు పెరిగింది. ఒకడు తన బొమ్మను చూసి "తాత!" అని చప్పట్లు కొట్టాడు. బిస్కెట్టు పిల్ల మాత్రం బావురుమంది. ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడదు, చంకలో సంచీ, గుప్పిట్లో బిస్కెట్టూ వదలదు. అత్తకు తల కొట్టేసినట్టయింది.

"పోనీ స్టిక్కర్లు తెప్పించనా?" అంది కోడలు మెల్లగా.

"తెప్పించు, తెప్పించు. నీ మొహానికే అంటిస్తాను!"

అన్నదే గానీ దిక్కు తోచలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లల మూతులు కడగడానికి కూర్చుంది. బిస్కెట్టు పిల్ల నుదుటి మీద తడిచెయ్యి వేస్తే అరచెయ్యంతా అక్కడే సరిపోయింది. కళ్ళూ ముక్కూ నోరూ అన్నీ కింది సగంలోనే సర్దుకుని ఉన్నాయి.

"ఓసి నీ దుంపతెగ! ఉన్నదంతా నుదురేనటే నీకు!"

ఇంతకాలం పెద్దవాళ్ళ మొహాలనే కుదించి పిల్లలనుకుంటోందన్నమాట. వెంటనే నల్లరంగు డబ్బా మూత బిగించేసింది. పిల్లల ఎత్తుకు నేల మీద చతికిలబడి, కళ్ళు కిందికి దించి, ముక్కుకు గీత మాని చిన్న నీడ మాత్రం వేసింది. గీయడం కన్నా, గీయకుండా చెయ్యి ఆపుకోవడమే ఆమెకు గగనమైంది.

సోమవారం పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ వెంటనే, "నేనూ! ఇది నేనే!" అంటూ ఒకటే గోల. ఎవరి కొక్కేనికి వాళ్ళ సంచులు టపటపా ఎక్కాయి. మొన్న "తాత" అన్నవాడు తన బొమ్మను వచ్చినవాళ్ళందరినీ పిలిచి చూపిస్తున్నాడు. అత్తకు ఏనుగెక్కినంత సంబరం. అయినా ఆమె చూపు బిస్కెట్టు పిల్ల మీదే ఉంది.

ఆ పిల్ల తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. చంకలోని సంచి తీసి, మొట్టమొదటిసారి కొక్కేనికి తగిలించింది. బిస్కెట్టు సగం కొరికి, మిగిలిన సగం బొమ్మ నోటికి అందించింది. రంగు మీద పొడి అంటుకుంది.

కోడలు తడిగుడ్డతో పరుగెత్తుకొచ్చింది.

"ఆగమ్మాయ్, తుడవకు," అంది రంగులత్త. "తిననీ."