కాకా చేతి మన్ను

పక్క క్వార్టర్ కాకా పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఆగమాగంగా వచ్చేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కరీంనగర్‌ నుంచి వచ్చిన కొడుకు అందరి ముందూ నాకేసి వేలు చూపించాడు.

"అక్కా, నువ్విచ్చిన మన్నే మా బాపును మింగింది."

చావింట్లో వాదనెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా, వినండి. అవును, మన్ను తెచ్చిచ్చింది నేనే.

కాకా బెల్లంపల్లి బొగ్గుబావుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు. రిటైరయ్యేనాటికి ఊపిరితిత్తులు పాడై దమ్ము, ఆయాసం పట్టుకున్నాయి. దుమ్ము తగలొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. దుమ్ము వద్దన్నాడు గానీ మన్ను వద్దనలేదు కదా అని కాకా వాదన. గనిలో వారపు సెలవును ప్లే డే అంటారు. రిటైరయ్యాక కూడా ఆయన ప్లే డే తప్పలేదు. ఆ రోజు టీవీ బంద్, ఫోన్ బంద్. వరండాలో పీట వేసుకుని, కుండీ చాలని మొక్కను తట్టి బయటికి తీసి, చుట్టుకుపోయిన వేర్లను వేళ్లతో మెల్లగా విప్పి, కాస్త పెద్ద డబ్బాలోకి మార్చేవాడు. గంటకు ఒక్కటే మొక్క.

కొడుకుది ప్రేమే, కాదనను. మట్టి బస్తాలు పారబోయించి ప్లాస్టిక్ చెట్లు తెచ్చిపెట్టాడు. కొడుకు వచ్చినప్పుడల్లా కాకా వాటికి చెంబుతో నీళ్లు పోసి, నెల దాటినా ఒక్క ఆకైనా వేయలేదేమని అమాయకంగా అడిగేవాడు. నవ్వాపుకోలేక నేను లోపలికి పోయేదాన్ని.

అప్పటి నుంచే నా బడి సంచిలో మన్ను మోయడం మొదలైంది. తడిపి, ఆయన ముక్కుకు గుడ్డ కట్టించాకే ఇచ్చేదాన్ని. అయినా ఒకసారి భయమేసి, ఇక తేనన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"ముప్పై ఏండ్లు మన్ను కింద నేనున్న బిడ్డా. ఇప్పుడు జర మన్నే నా చేతి కింద ఉండనీ. గా పని చేసినంతసేపు నాకు దమ్ము యాదికి రాదు."

మర్నాడు రెండు సంచులు తెచ్చాను. మా ఆయన చనిపోయిన ఏడాది, నేను అన్నం మానేసి కూర్చున్నప్పుడు, ఫికర్ తర్వాత చేద్దువుగానీ ముందు గీ ఏర్లు విప్పమని కుండీ నా ఒళ్లో పెట్టిన మనిషి ఆయన. ఆ మనిషికి మన్ను లేదని ఎట్లా చెప్పను?

నా మన్ను ఆయన ఆయుష్షులో నాలుగు రోజులు తగ్గించిందేమో, నాకు తెలియదు. కానీ ఆ వాకిట్లో అంతమంది ఉండి, బొగ్గు వైపు ఒక్కరూ వేలు చూపలేదు.

పదకొండో రోజు వెళ్లాను. వరండాలో క్రోటన్ వేర్లు పెయింటు డబ్బా అడుగు చీల్చుకుని బయటికొచ్చాయి. సంచి దించి కూర్చున్నాను. దినాలింట్లో ఈ పనేమిటని చుట్టాలు గొణిగారు. నేను లేవలేదు. డబ్బా తట్టి మొక్కను బయటికి లాగుతుంటే కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పట్టు తమ్మీ, ఒక్క చేతితోటి అయితలేదు," అన్నాను.

అతను చుట్టాల వైపొకసారి చూశాడు. తర్వాత గొంతుక్కూర్చుని కాండం పట్టుకున్నాడు. వేర్లెట్లా విప్పాలో చూపించాను. బాపు గిట్లనే చేసేటోడా అని అడిగాడు. గిట్లనే, ఇంకా మెల్లగా, అన్నాను. అతని వేళ్లు నెమ్మదించాయి. కొత్త తెల్లచొక్కా మీద తడిమన్ను పడింది. దులుపుకోలేదు.