రజని కాదు, నేనూ కాదు

నాకు అన్నం పెట్టే ఈ కాళ్ల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. చెప్పడం అయ్యాక నవ్వితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మాది కావలిలో చిన్న డాన్సు బృందం. జాతరలకు, పెళ్లిళ్లకు ఆడతాం. రజనీ నేనూ అందులో పాతవాళ్లం. మా ఇద్దరికీ పడదు. స్టేజీ మీద నవ్వుకుంటాం, దిగగానే మొహాలు తిప్పుకుంటాం.

ఆ మధ్య మా మాస్టారు ఫోన్లో ఒక పాత హాలీవుడ్ సినిమా చూపించాడు. బ్లాక్ అండ్ వైట్. ఒకే కంపెనీలో ఇద్దరు ఆడ డాన్సర్లు, ఒకరంటే ఒకరికి గిట్టదు.

"చూడండమ్మా, మీ కథే గదా ఇది!" అన్నాడు.

బూట్ల కింద ఇనప రేకులు కొట్టించి, ఆ సినిమాలోని డాన్సే మాకు నేర్పాడు. రెండు జతలే చేయించాడు. చివర్లో పాట ఆగిపోతుంది. బూట్ల చప్పుడు ఒక్కటే వినపడాలి. ఒంటికాలి మీద గిర్రున తిరిగి... టక్... టక్. ఆ మెలిక ఇద్దరికీ రాలేదు. ఎంత చేసినా రాలేదు.

"జాతరలో అది ఎవురు ఆడితే వాళ్లే ఇంక ముందు నిలబడేది" అని తేల్చేశాడు మాస్టారు. ముందు నిలబడాలని నేనెంత ఆశపడ్డానో నాకే తెలుసు. రజని ఆశ కూడా నాకు తెలుసు.

జాతర విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలో. ముందురోజు రాత్రే మేం ముగ్గురం వెళ్లాం, మిగతావాళ్లు పొద్దున వస్తామన్నారు. తుఫాను షెల్టరులో పడక. కింద ఒక గదిలో నేను, పక్క గదిలో రజని. మాస్టారు బయట వ్యానులో పడుకున్నాడు. కరెంటు లేదు. సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

అప్పుడు... పైన...

టక్... టక్... టకటక... టక్.

కళ్లు తెరిచాను. మా డాన్సే! నాకు తెలియకుండా సాధన చేస్తోందే ఈ రజని, అని కడుపు రగిలిపోయింది. వట్టి కాళ్లతో మెల్లగా మెట్లెక్కాను. సగం ఎక్కానో లేదో... నా వెనక ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

"ఎవురు?" అన్నాను.

"నువ్వా అక్కా?" రజని గొంతు. "నువ్వు పైన ఆడతన్నావనుకోని వచ్చినా..."

ఫోను లైటు వేశాను. తనవీ వట్టి కాళ్లే.

"నీ బూట్లు యాడ?" అన్నాను.

"గదిలోనే ఉండాయి. నీవో?"

నావీ గదిలోనే. పైన చప్పుడు మాత్రం ఆగలేదు.

రజని నా చెయ్యి పట్టుకుంది. నేనూ గట్టిగా పట్టుకున్నాను. పై తలుపుకు తాళం. కిటికీ ఊచల్లోంచి లైటు వేశాం. గదంతా చేపల వలలు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మోకాలెత్తు పరిచి ఉన్నాయి. కాలు మోపడానికి జానెడు గచ్చు లేదు. మనిషి లేదు. ఆ వలల మధ్యలోంచే... గిర్రున ఏదో తిరిగిన చప్పుడు.

ఒక్క క్షణం ఏమీ లేదు.

టక్... టక్.

మెలిక. ఎక్కడా తడబాటు లేకుండా.

ఎలా కిందికి దిగామో తెలియదు. తెల్లారేదాకా వ్యానులో ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. మాస్టారు మాత్రం "ఎలకలై ఉంటాయిలే" అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు స్టేజీ ఎక్కాను. పాట ఆగింది. తిరిగాను... వచ్చేసింది! అంత కష్టమైన మెలిక, అలవోకగా. పల్లె పల్లెంతా ఈలలు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

స్టేజీ దిగాక రజని నన్ను పక్కకు లాగింది. మొహంలో నెత్తురు లేదు.

"అక్కా... చప్పుడు ముందొచ్చింది. నీ కాలు తర్వాత పడింది. నేను చూసినా."

కుళ్లుతో అంటోందని సరిపెట్టుకున్నాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. కానీ మొన్న నాకు జ్వరమొస్తే, మాస్టారు నా బదులు రజనిని ముందుకు రమ్మన్నాడు. ఇన్నేళ్లూ ఆ చోటు కోసమే నాతో మాటలు మానుకున్న మనిషి...

రానంది.