ముందు వరసలో కూర్చోవద్దన్న క్రిస్మస్

మా చర్చిలో క్రిస్మస్ ఉదయం ఆరాధన అయ్యాక సండే స్కూలు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వాక్యం చెప్తారు. తల్లులం ముందు వరసలో కూర్చుని చప్పుడు లేకుండా పెదాలు కదుపుతాం. పిల్లలు మా నోళ్లు చూసి చెప్పేస్తారు. మా వాడి మూడో ఏట నుంచి నేనూ అలాగే కదిపాను. ఒక ఏడాది సరిగ్గా వాడి వంతుకే నాకు ఆవలింత వచ్చింది. వాడూ మైకులో ఆవలించాడు. చర్చంతా నవ్వింది. వాడి పరువు పోయిందేమోనని నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. వాడు మధ్యాహ్నానికే మర్చిపోయాడు.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినదాన్ని. ఏది జరగడానికి ఎంత అవకాశం ఉందో లెక్క వేయగలను. అయినా జరగనివాటికే ఎక్కువ భయపడతాను.

పోయిన క్రిస్మస్‌కి వాడికి పదేళ్లు నిండాయి. అంతకుముందు ఇంటిల్లిపాదికీ ఒకే తానులో గుడ్డ తీసి కుట్టించేదాన్ని. ఆ ఏడాది నల్ల జీన్సు తనే ఎంచుకున్నాడు. దానికి సర్దుకుపోయాను. పండగ ముందురోజు జంతికలు వేస్తుంటే పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ ఏడాది వాక్యాలతో పాటు పిల్లలు వేసే యేసు పుట్టుక నాటకంలో వాడిది సత్రం యజమాని వేషం.

"అమ్మా, ఈసారి నువ్వు ముందు కూర్చోవద్దు."

"మరెక్కడ కూర్చోమంటావురా?"

"వెనకాల, నానమ్మ పక్కన. నువ్వు నోరు కదిపితే నా మాటలు మర్చిపోతాను."

జంతికలు మాడాయి. గుమ్మంలో కూర్చున్న మా అత్తయ్య అంతా వింది. "నీ మొగుడూ పదేళ్లకే నా చెయ్యి వదిలి నడిచాడు. నాకేమైంది? బతికే ఉన్నాగా" అంది.

వాడు మాటలు మర్చిపోతాడని కాదు నా భయం. మర్చిపోయి వెతుక్కుంటే నేను కనిపించనని. ఇంకా నిజం చెప్పాలంటే, అసలు వెతుక్కోడేమోనని.

మా నాలుగేళ్ల పాపది గొర్రెపిల్ల వేషం. దానికోసం మా నాన్న తన చేలో పత్తి గోతంలో పంపించాడు. తెల్ల బనీనుకి, టోపీకి మైదా జిగురు రాసి ఆ పత్తి అంటించాను. ఒక్క నిమిషం తొడిగి చూస్తే బొద్దుగా, ముద్దుగా ఉంది. దానికేదో వాసన ఉన్నట్టు నాకు తోచలేదు.

పండగ రోజు వెనక వరసలో మా అత్తయ్య పక్కన కూర్చున్నాను. నాటకం మొదలైంది. వేదిక మీద కాపరుల మధ్య కూర్చున్న గొర్రెపిల్ల తుమ్మింది. మళ్లీ తుమ్మింది. ఐదో తుమ్ముకి కళ్లమ్మట నీళ్లు కారాయి. పాప ముందు వరస వంక చూసింది. నేను లేను. కింది పెదవి వంకర తిరగడం వెనక నుంచే నాకు కనిపించింది.

లేచాను. మధ్యదారి సగం దాటేసరికి పక్క తెర కదిలింది. వాడి వంతు ఇంకా రాలేదు, అయినా సత్రం యజమాని బయటికి వచ్చాడు. భుజం మీది తువ్వాలుతో గొర్రెపిల్ల ముక్కు తుడిచి, దాన్ని చంకనెత్తుకున్నాడు. అప్పుడే యోసేపు, మరియ వేషాల పిల్లలు రాత్రికి చోటు అడగడానికి వచ్చి లేని తలుపు తట్టారు.

"మా సత్రంలో చోటు లేదు" అన్నాడు వాడు. పాప మళ్లీ తుమ్మింది. వాడు దాని వంక చూసి, రాసివ్వని మాట ఒకటి కలిపాడు. "చూస్తున్నారుగా, లోపలంతా జలుబులే."

చర్చి మొత్తం పడీపడీ నవ్వింది. నాటకం నేర్పిన పాస్టరమ్మ గారు మొహానికి కాగితాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వుల మధ్య వాడు నన్ను చూశాడు. పాపను ఎత్తుకోని చేత్తో, కిందికి, కూర్చోమన్నట్టు చిన్నగా ఊపాడు. ఎక్కడున్నదాన్ని అక్కడే కూర్చున్నాను. అది మగవాళ్ల వైపని తర్వాత చూసుకున్నాను. పక్కనున్న పెద్దాయన మర్యాదగా జరిగాడు.

బయటికి వచ్చాక పాప టోపీ తీసి మా ఆయన వాసన చూసి, తనూ తుమ్మాడు. మా నాన్నకి ఫోన్ చేశాను. పోయినేడు మిరపకాయలు పోసిన గోతమేనట. "బాగా దులిపే పంపానమ్మా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేను పుట్టి పెరిగింది ఆ ఘాటులోనే, నా ముక్కుకీ అందలేదు.

వాడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "వెనకాలే కూర్చోమన్నానుగా. లేచావు."

"సగం దాకానే వచ్చాను."

సరేలే అన్నాడు. అంతకంటే తీర్పు ఏమీ లేదు. చర్చి వెనక షామియానా కింద ప్రేమవిందు వడ్డిస్తున్నారు. స్నేహితులు పిలిస్తే అటు వెళ్లాడు. పాప వాడి చొక్కా అంచు పట్టుకుని వెంటపడింది. విదిలించుకుంటాడేమో అనుకున్నాను. నడక నెమ్మది చేశాడు. తన బంతిలోనే పక్కన కూర్చోబెట్టుకుని చికెన్‌లో ఎముకలు ఏరుతున్నాడు.

నేను ఒక ఆకు ముందు కూర్చున్నాను. ఒళ్లో ఎవరూ లేరు. పదేళ్లలో మొదటిసారి క్రిస్మస్ భోజనం వేడివేడిగా తిన్నాను. రెండుసార్లు వాళ్లవైపు చూశాను, అంతే. మూడోసారి చికెన్ అడగడానికి తలెత్తాను.