చూసిన రోజున తేల్చని మామయ్య

మా రామ్‌గోపాల్ మామయ్య చూసిన రోజున దేన్నీ తేల్చడు. ఇవాళ చూడాలి, రేపు చెప్పాలి. ఈ పద్ధతితో అనకాపల్లిలో బెల్లం వ్యాపారం ఎలా నెగ్గుకొచ్చాడో బజారులో ఎవరికీ అర్థం కాదు. ఫ్రిజ్ కొనడానికి వెళితే దాని తలుపు నలభైసార్లు తీసి, వేసి, "బాగుందండి, రేపొత్తాం" అన్నాడు. పక్కనున్న శ్యామలత్తయ్య కొట్టువాడి మొహం చూడలేక చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

పోయిన నెల, మెట్లెక్కినప్పుడల్లా రొమ్ము పట్టేస్తోందంటే ఆయన్ని విశాఖలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. యాంజియోగ్రామ్ అన్నారు. మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి గుండె రక్తనాళాలు చూస్తారట. చూస్తుండగానే మధ్యలో డాక్టరుగారు నన్నూ అత్తయ్యనూ లోపలికి పిలిచారు.

"ఒక నాళం బాగా మూసుకుపోయింది. గొట్టం ఎలాగూ లోపలే ఉంది. ఇప్పుడే స్టెంట్ వేసేయమంటారా?"

"అంటే యాంజియోగ్రామ్ అయిపోయినట్టా?" అన్నాను.

"అయింది. ఇక చేసేది యాంజియోప్లాస్టీ."

"మరి స్టెంటో?"

"అందులోదే."

నాకు బుర్ర తిరిగిపోయింది. అత్తయ్య చేతిలో సంతకానికి కాగితం, పెన్ను పెట్టారు. ఇంతలో బల్లమీంచి మామయ్య గొంతు వినిపించింది.

"డాట్రుగారూ, ఇవాళ సూసేరు కదా. రేపు సెప్తాం."

"మామయ్యా, ఇది ఫ్రిజ్ కాదు," అన్నాను.

ఆయన నన్ను పట్టించుకోలేదు. "ఇప్పుడే ఎయ్యకపోతే పేనం మీదకొత్తదేటండీ?"

"గుండెపోటు కాదు కాబట్టి ఒకట్రెండు రోజులు ఆగొచ్చు. కాకపోతే మళ్లీ గుచ్చాలి."

"గుచ్చండి."

వార్డుకి తెచ్చాక, అత్తయ్య మందులకి వెళ్లిన సమయం చూసి నిలదీశాను.

"మీ అత్త సేతిలో పెన్ను సూసేవేట్రా? మూత తియ్యకుండానే సంతకం ఎట్టబోయింది. నలుగురిలో అప్పటికప్పుడు అడిగితే ఆవిడకి మాట రాదు. తీరిగ్గా ఆలోచించుకుంటే మనకన్నా బాగా సెప్తాది. మా ఇంట్లో రేపటి మాట ఎప్పుడూ ఆవిడదే. ఆలస్యం మటుకు నాదని సెప్పుకుంటాను."

మర్నాడు అత్తయ్య డాక్టరుగారి చేత బొమ్మ గీయించుకుంది. స్టెంట్ ఎక్కడ వేస్తారో, ఏ మందు ఎన్నాళ్లు మానకూడదో అన్నీ అడిగి తెలుసుకుని, గుండ్రంగా సంతకం పెట్టింది. తర్వాత ఆ బొమ్మతోనే నాకూ పాఠం చెప్పింది: మూసుకున్న నాళాన్ని తెరవడం యాంజియోప్లాస్టీ, అది మళ్లీ మూసుకోకుండా లోపల ఉంచేసే చిన్న జాలీ గొట్టం స్టెంట్. స్టెంట్ చక్కగా పడింది.

కారులో ఇంటికి వస్తుంటే అత్తయ్య వెనకసీట్లో నిద్రపోయింది.

"పెళ్లిచూపుల్లో కూడా రేపు చెప్తానన్నావా మామయ్యా?"

"మరి ఆవిడ ఆలోచించుకోవాలి కదా." మామయ్య ఓసారి వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "నాకైతే గుమ్మంలో సూడగానే తేలిపోయింది."